పగకూ న్యాయానికీ నడుమ: కడప పల్లెల కక్షల చరిత్రపై ఒక పరిశీలన

షరీఅత్‌లోని నేర విధులను వివరించే ఒక చిన్న అరబీ గ్రంథాన్ని తెలుగు చేస్తున్న రోజుల్లో ఒక మాట దగ్గర నా కలం ఆగిపోయింది. ఆ మాట ‘ఖిసాస్’. చాలామంది అనువాదకుల మాదిరిగానే నేనూ మొదట దానికి ‘ప్రతీకారం’ అని రాసుకున్నాను. ప్రొద్దుటూరులో ఒక మిత్రుని ఇంట ఆ పుటలు కొన్ని చదివి వినిపించాను. జమ్మలమడుగు వైపు పల్లె నుండి వచ్చిన ఒక యువకుడు అంతా ఓపికగా విని, చివరికిట్లా అడిగాడు: “మా ఊర్లో చేసేది గూడా అదే గదా, మౌల్వీ సాబ్! వాళ్లు మావాణ్ణి ఒకణ్ణి చంపితే మావాళ్లు వాళ్లలో ఒకణ్ణి చంపుతారు. మరి మాది తప్పెట్లయితాది?”

ఆ యువకుని చిన్నాయన ఊరి కక్షల్లో హతుడైనాడని తర్వాత తెలిసింది. అతడు వాదన కోసం ఆ ప్రశ్న వేయలేదు. తన మీద వాలబోతున్న ఒక బరువును గురించి అడిగాడు. ఆనాడు నేనిచ్చిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఈ వ్యాసం ఆ జవాబును సరిదిద్దుకునే ప్రయత్నం.

ప్రశ్న నిజానికి ఇది: అన్యాయానికి గురైన మనిషి తానే అన్యాయం చేసేవాడుగా ఎట్లా మారుతాడు? బాధ దానంతటదే మనిషిని నేరస్థుణ్ణి చేస్తుందా? లేక బాధపడిన వానికి అతని చుట్టూ ఉన్న సమాజం చూపించే దారి అతణ్ణి అక్కడికి చేరుస్తుందా?

పాలెగాళ్ల కాలం నుండి

కడప సీమ చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెబుతుంది. 1565లో విజయనగరం పతనమైన తర్వాత రెండు శతాబ్దాలకు పైగా ఈ ప్రాంతంలో ఏ ప్రభుత్వమూ నిలకడగా వేళ్లూనలేదు. జమ్మలమడుగు సమీపాన పెన్నా లోయ అంచున నిలిచిన గండికోట 17వ శతాబ్ది నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. అటు పిమ్మట కడపలో మయానా పఠాన్ నవాబులు పాలించారు. 1779లో హైదరలీ వారిని తొలగించాడు. టిప్పు సుల్తాను ఓటమి తర్వాత 1792లో ఈ సీమ నిజాం చేతికి, 1800లో నిజాం నుండి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ప్రభువు మారినప్పుడల్లా పన్ను వసూలు చేసేవాడు మారాడు. కాని పొలం గట్టు దగ్గర కొట్లాట జరిగితే, పశువులను తోలుకుపోతే, మనిషిని నరికితే తీర్పు చెప్పవలసినవాడు దొరకలేదు.

ఆ ఖాళీని పాలెగాళ్లు నింపారు. 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో వచ్చేనాటికి ఇక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లు, వారి కింద వేలాది సాయుధ బంట్లు ఉన్నారు. గ్రామాలకు సైతం కోటగోడలు, బురుజులు ఉండేవి. ఊరి పెద్దలే సాయుధులను పోషించి పొరుగూరితో పోరాడేవారు. బాధితుడు బతకాలంటే ఎవరో ఒకరి నీడన చేరాలి. నీడనిచ్చినవాడు పిలిచినప్పుడు కత్తి పట్టాలి. రక్షణ, ప్రతీకారం అనే రెండు వేర్వేరు సంగతులు ఇక్కడ ఒక్కటైపోయాయి.

మన్రో సైన్యబలంతో పాలెగాళ్లను అణచివేశాడు. కాని ఆయుధం తీసివేసినంత సులభంగా అలవాటును తీసివేయలేము. పైగా కంపెనీ పాలనే కొత్త గాయాలు చేసింది. ఆనాడు కడప జిల్లాలో ఉండిన కోవెలకుంట్ల తాలూకాలో 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేశాడు. అతడు నొస్సం పాలెగాళ్ల వంశంతో సంబంధం ఉన్నవాడు. ఆ వంశానికి రావలసిన భరణంలో తనకు అన్యాయం జరిగిందన్నది అతని ఫిర్యాదు. కట్టుబడి ఇనాములు పోగొట్టుకున్న గ్రామ బంట్లు అతని వెంట నడిచారు. కోవెలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది, తహసీల్దారు హతుడైనాడు. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని ఉరితీశారు. అతని తలను కోట మీద ఏండ్ల తరబడి వేలాడదీసి ఉంచారు. ప్రజలు అతణ్ణి వీరుడుగా గుర్తుంచుకున్నారు, అందులో తప్పులేదు. అయితే ప్రభుత్వం సైతం న్యాయస్థానం వలె కాక, ప్రత్యర్థి వలె ప్రవర్తించిందని ఆ వేలాడే తల చూసి జనం నేర్చుకున్నారు.

మన ముస్లింలం ఈ చరిత్రకు బయట నిలిచి చూసినవాళ్లం కాము. 1832లో కడపలో మసీదుకు అపచారం జరిగిందన్న ఆగ్రహంతో పఠాన్లు పెద్ద ఎత్తున గుమికూడారు. శాంతింపజేయడానికి వచ్చిన మాక్డొనాల్డ్ అనే ఆంగ్ల అధికారి ఆ గుంపు చేతిలో హతుడైనాడు. గుంపు మనసులోని గాయం నిజమైనదే కావచ్చు. కాని గాయం చేసినవాడొకడు, ప్రాణం పోగొట్టుకున్నవాడింకొకడు. కక్షల స్వభావం ఎప్పుడూ ఇంతే.

ఊరు రెండుగా చీలినప్పుడు

పాలెగాడు పోయినా గ్రామాధికారం పోలేదు. పన్ను వసూలు, పోలీసు అధికారం కలిసిన ఊరి పెద్దరికం కోసం కుటుంబాలు పోటీపడ్డాయి. వంశపారంపర్య గ్రామాధికారాలు 1984లో రద్దయ్యాయి. అప్పటికే పంచాయతీ, సహకార సంఘం, సారాయి వేలం, రోడ్ల కాంట్రాక్టులు, గనులు ఆ పోటీకి కొత్త రంగాలైనాయి. వానలు నమ్మరాని మెట్ట నేలలో, భూమి కంటె పలుకుబడి మీదనే ఎక్కువ సంపాదన ఆధారపడిన చోట, ఓడిపోవడమంటే తిండి పోవడమే.

ఈ ప్రాంతంలో ముఠాను సైతం ‘పార్టీ’ అనే అంటారు. తెలుగులో న్యాయస్థానానికి వెళ్లినవాణ్ణి ‘కక్షిదారు’ అంటాము. పగను ‘కక్ష’ అంటాము. రెండు మాటలూ ఒకే మూలం నుండి వచ్చాయి. పులివెందుల, జమ్మలమడుగు పల్లెల్లో ఈ రెండు అర్థాలూ ఎంత దగ్గరగా కాపురం చేశాయో గమనిస్తే బాధితుడు నేరస్థుడుగా మారే క్రమం అర్థమవుతుంది.

ఒక ఇంట మనిషి హతుడైనాడనుకుందాం. మొదట ఆ ఇంటికి వచ్చేది ప్రభుత్వం కాదు, పార్టీ. శవానికి ఖర్చు, వకీలు ఫీజు, పిల్లల తిండి పార్టీ పెద్దే చూస్తాడు. ఆ మేలు అప్పుగా మిగులుతుంది. రెండవది, ఫిర్యాదు రాయించేటప్పుడు కొట్టినవాళ్లతో పాటు అక్కడ లేనివాళ్ల పేర్లను, ఎదుటి పార్టీలో ముఖ్యులైన వారి పేర్లను కూడా చేర్పిస్తారు. ఏ పాపమూ ఎరుగని మనిషి జైలుకు వెళ్లి వస్తాడు. బాధితుల పక్షంలోనే మరో బాధితుణ్ణి తయారు చేసే శక్తి పుట్టింది. కక్ష రెండంచుల కత్తి వంటిదని, అది నేరానికి కారణం కావచ్చు, అబద్ధపు ఆరోపణకూ కారణం కావచ్చునని న్యాయస్థానాలు పదేపదే అనడానికి ఇదే కారణం. మూడవది, ఊరి చూపు. హతుని కొడుకు మౌనంగా సేద్యం చేసుకుంటుంటే అతని ఓర్పును ఎవరూ మెచ్చుకోరు. “వాళ్ల నాయన రక్తం ఊరికే పోయింది” అని రచ్చబండ మీద అంటారు. తలవంచితే గౌరవం పోవడమే కాదు, రేపు పొలం పోతుందన్న భయం కూడా ఉంది.

ఈ క్రమం ఎంత దూరం పోగలదో మన పొరుగు జిల్లా అనంతపురం చూపించింది. 1975లో పరిటాల శ్రీరాములు హత్య జరిగింది. 1993లో టీవీ పెట్టెలో అమర్చిన బాంబు పేలి ప్రత్యర్థి కుటుంబంలో పలువురు మరణించారు. 1997 నవంబరు 19న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో శ్రీరాములు కుమారుడు పరిటాల రవి లక్ష్యంగా కారుబాంబు పేలింది. రవి బతికాడు, ఆ కక్షతో ఏ సంబంధమూ లేని టీవీ సిబ్బందితో సహా 26 మంది మరణించారు. 2005 జనవరి 24న రవి అనంతపురంలో హతుడైనాడు. ఆ కేసులో నిందితుడొకడు 2008లో జైలులోనే చంపబడ్డాడు. 2011 జనవరిలో మద్దెలచెరువు సూరి హైదరాబాదులో హతుడైనాడు. 36 ఏండ్ల ఈ వరుసలో ప్రతి దెబ్బ వెనుకా ఒక నిజమైన గాయం ఉంది. ఏ ఒక్క దెబ్బా ఆ గాయాన్ని మాన్పలేదు.

మన జిల్లాలోనూ జమ్మలమడుగు నాయకుడు, మాజీ మంత్రి పి. శివారెడ్డి 1993లో హైదరాబాదులో హతుడైనాడు. పులివెందుల నాయకుడు వై.ఎస్. రాజారెడ్డి 1998 మే 23న హతుడైనాడు. పెద్దల పేర్లు చరిత్రలో ఉంటాయి. వారి వెంట, వారి ముందు, వారి కోసం చచ్చిన చిన్నరైతులు, కూలీలు, వివిధ కులాల వారు, మన దూదేకుల, షేక్ కుటుంబాలవారు ఎవరికి గుర్తున్నారు? జమ్మలమడుగులో తరాలుగా ఎదురెదురుగా నిలిచిన రెండు కుటుంబాల నాయకులు 2016 తర్వాత కొంతకాలం ఒకే రాజకీయ పార్టీలో ఉన్నారు. పెద్దలు కలవడం మంచిదే. అయితే వారి కోసం ప్రాణాలు పోగొట్టుకున్నవారి ఇళ్లలో ఆ కలయికకు అర్థమేమిటి?

సంస్కృతి చేసే పని

అపరాధ శాస్త్రజ్ఞులు ఇటువంటి సంగతిని ఇతర దేశాల్లో చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1948 నుండి 1952 వరకు జరిగిన 588 హత్యలను మార్విన్ వుల్ఫ్‌గాంగ్ పరిశీలించాడు. వాటిలో సుమారు నాలుగింట ఒక వంతు హత్యల్లో మొదట చేయి చేసుకున్నవాడు హతుడే. బాధితుడు, నేరస్థుడు అనేవారు రెండు జాతులవారు కారని, తరచు ఒకే మనిషి రెండు స్థానాల్లోనూ నిలుస్తాడని అటు తర్వాత ఎన్నో పరిశీలనలు నిరూపించాయి.

అయితే ఈ బంధం అన్నిచోట్లా ఒకే బలంతో ఉంటుందా? ఉండదని 2012లో మార్క్ బెర్గ్, అతని సహచరులు చూపారు. అయోవా, జార్జియా రాష్ట్రాల నల్లజాతి యువకులను గురించిన సమాచారాన్ని వారు పరిశీలించారు. దెబ్బకు దెబ్బ తీయనివాడు మనిషే కాడన్న వీధి నీతి బలంగా ఉన్న పేటల్లో, దెబ్బ తిన్నవాడు దెబ్బ తీసేవాడుగా మారడం ఎక్కువ. ఆ నీతి బలహీనంగా ఉన్న పేటల్లో ఈ బంధమూ బలహీనమే. గాయం రెండుచోట్లా గాయమే. దానికి అర్థం చెప్పేది మాత్రం చుట్టూ ఉన్న మనుషులు.

ఈ మాటను మన జిల్లాలోనే పరీక్షించవచ్చు. ప్రొద్దుటూరు బంగారు, బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. అక్కడి బజారులోనూ మోసాలున్నాయి, ఎగవేతలున్నాయి, అవమానాలున్నాయి. కాని మోసపోయిన వ్యాపారి ఎదుటివాణ్ణి నరకడానికి పోతే అతణ్ణి వీరుడనరు. వ్యాపారం చెడగొట్టుకున్న తెలివితక్కువవాడంటారు. అతడు పదిమంది వ్యాపారులను కూర్చోబెడతాడు, లేదా దావా వేస్తాడు. అదే మనిషి తన సొంత పల్లెలో గట్టు తగాదాలో దిగితే వేరుగా ప్రవర్తించవచ్చు. ప్రొద్దుటూరులో పగలు లేవని నేననడం లేదు. అదే భాష, అదే కులాలు, అదే మతాలు గల మనుషులు చోటును బట్టి బాధకు వేర్వేరు జవాబులిస్తారని మాత్రమే అంటున్నాను. కాబట్టి పౌరుషం సీమ రక్తంలోనే ఉందనే మాట వట్టిది. 1990లలో మొదలై ఎన్నో సినిమాలు వేటకొడవళ్లను, ఎగిరే కార్లను చూపించి ఆ వట్టిమాటనే దేశమంతటా అమ్ముకున్నాయి.

జాహిలీ అరబ్బులు, ఖిసాస్ విధి

ఇప్పుడు ఆ యువకుని ప్రశ్నకు వద్దాం. ఇస్లాంకు ముందరి అరబ్బులకు కక్షలు మనకంటె బాగా తెలుసు. ఒక ఒంటె కారణంగా బక్ర్, తగ్లిబ్ తెగల మధ్య రేగిన బసూస్ పోరాటం 40 ఏండ్లు సాగిందని ప్రతీతి. మదీనాలో ఔస్, ఖజ్రజ్ తెగలు హిజ్రత్‌కు కొద్ది ఏండ్ల ముందే బుఆస్ దగ్గర ఒకరినొకరు నరుక్కున్నారు. ఆ పగను అరబ్బులు ‘సఅర్’ అన్నారు. దాని నియమం ఇది: చంపినవాడు దొరకనక్కరలేదు, వాని తెగలో ఎవరైనా సరే, మా మనిషి గొప్పవాడైతే ఒకరికి పదిమంది.

‘ఖిసాస్’ ఆ ‘సఅర్’కు మారుపేరు కాదు. అది దాన్ని నిర్మూలించడానికి వచ్చిన విధి. ఆ అరబీ ధాతువుకు అడుగుజాడను అనుసరించడమనే అర్థముంది. జాడ ఎవరిదో వానిదాకానే పోవాలి, దాటిపోరాదు. హతుని వారసునికి అధికారమిస్తూనే అతడు హద్దు మీరరాదని బనీ ఇస్రాయీల్ సూరా ఆదేశించింది. చంపనివాణ్ణి చంపరాదు, ఒకరికి ఇద్దరు లేరు. నిర్ణయం న్యాయాధికారి ముందు, సాక్ష్యంతో జరగాలి. అల్ బఖరా సూరా ఇంకొక అడుగు ముందుకు వేసి, వారసుడు శిక్ష వదలి దియత్ స్వీకరించవచ్చునని, క్షమించవచ్చునని దారి తెరిచింది. అట్లా క్షమించేవాణ్ణి హంతకుని సోదరునిగా ప్రస్తావించింది. ఒక జనంపై మనకున్న వైరం సైతం మనల్ని న్యాయం తప్పేటట్లు చేయరాదని అల్ మాయిదా సూరా హెచ్చరించింది.

అంటే షరీఅత్ బాధితుని గాయాన్ని చిన్నబుచ్చలేదు. “మరచిపో” అని చెప్పలేదు. అతని చేతిలో హక్కు ఉంచింది; అతని చేతిలోని కత్తిని తీసుకున్నది. క్షమను ఓడినవాని గతి కాకుండా, హక్కు గలవాని ఘనతగా నిలబెట్టింది.

విధి కాగితం మీద ఉంటే చాలదని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆచరణతో చూపించారు. హిజ్రీ 10లో హజ్జతుల్ విదా ప్రసంగంలో జాహిలీ కాలపు రక్తపు బాకీలన్నీ రద్దయినట్లు ప్రకటించారు. మొట్టమొదట రద్దు చేసింది తమ సొంత వంశపు బాకీనే. అది హారిస్ కుమారుడైన రబీఆ బిడ్డ రక్తం. పెద్దవాడు ముందు తన బాకీ వదులుకుంటే తప్ప చిన్నవాడు వదలడని ఇందులో గొప్ప పాఠం ఉంది. అట్లే తమ పినతండ్రి హజ్రత్ హమ్జా (రజి)ను చంపిన వహ్షీ ఇస్లాం స్వీకరించి వచ్చినప్పుడు అతణ్ణి శిక్షించలేదు. తమ కంటపడకుండా ఉండగలవా అని మాత్రం అడిగారు. క్షమించినవాడు బాధ లేనట్లు నటించనక్కరలేదు. బాధ ఉండవచ్చు. దానికి రక్తంతో జవాబు చెప్పకుంటే చాలు.

ఇంత చెప్పి మనం గర్వపడి ఊరుకోరాదు. ఖుర్ఆన్ చదివే ప్రజల్లోనే పగలు వందల ఏండ్లు బతికాయి. పఠాన్ తెగల ఆచారంలో ‘బదల్’ అనే ప్రతీకారం ఈనాటికీ గౌరవ చిహ్నమే. మంచి విధి సైతం చెడ్డ అలవాటు ముందు ఓడిపోవచ్చు.

అలవాటు మారుతుందా?

మారుతుందనడానికి కొసోవో సాక్ష్యం. అక్కడి ఆల్బేనియన్లలో అధికులు ముస్లింలు. ‘కానూన్’ అనే పాత ఆచారం ప్రకారం రక్తానికి రక్తం తీసుకోవడం వారికి విధి. 1990లో జానపద సాహిత్య ఆచార్యుడు ఆంటోన్ చేటా, ఆయనతో కొందరు విద్యార్థులు ఇల్లిల్లూ తిరిగి హతుల కుటుంబాలను క్షమ కోరారు. ఆ సంవత్సరం మే 1న వెర్రాత్ ఎ లూకెస్ అనే చోట లక్షల జనం ఎదుట ఎన్నో కుటుంబాలు తమ బాకీలను వదిలివేశాయి. 1992 వరకు సాగిన ఆ ఉద్యమంలో సుమారు వెయ్యి రక్తవైరాలు సమసిపోయాయని లెక్క. హతుని తండ్రి చీకట్లో డబ్బు పుచ్చుకుని రాజీపడలేదు. జనమంతా చూస్తుండగా, భయంతో కాదు, తన ప్రజల మేలు కోరి క్షమిస్తున్నానని చెప్పి చేయి చాచాడు. నిన్నటిదాకా అవమానమైనది ఆనాడు ఘనత అయింది.

మన దగ్గర రాజీ ఎట్లా జరుగుతుంది? హత్య రాజీకి వీలైన నేరం కాదు. కాబట్టి పెద్దలు మాట్లాడుకున్న తర్వాత సాక్షులు కోర్టులో ఎదురు తిరుగుతారు. కేసు కొట్టుడు పోతుంది. తప్పు ఒప్పుకున్నవాడు లేడు, క్షమించినవాడు లేడు, నిజం చెప్పినవాడు లేడు. అటువంటి రాజీ నిప్పు మీద బూడిద వంటిది. బాధితులకు పరిహార పథకం 2008 సవరణతో చట్టంలో చేరింది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ అది ఉంది. అది పార్టీ పెద్ద కంటె ముందుగా హతుని ఇంటికి చేరితేనే ఫలితం.

కోర్టు దారి కూడా పౌరుషమేనని చూపిన కొడుకులున్నారు. కర్నూలు జిల్లాలో ముఠాకక్షల హత్యకేసులో శిక్షపడిన ఒకనికి 2005లో శిక్ష తగ్గించినప్పుడు, హతుని కొడుకు కొడవలి పట్టలేదు; సుప్రీంకోర్టుకు వెళ్లాడు. కులం, మతం, రాజకీయ విధేయత వంటివి క్షమాభిక్షకు ఆధారాలు కారాదని చెప్పి 2006 అక్టోబరు 11న ఆ న్యాయస్థానం శిక్ష తగ్గింపును కొట్టివేసింది.

గత 20 ఏండ్లలో మన పల్లెల్లో బహిరంగ పోరు తగ్గింది. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు, గల్ఫ్ దేశాలకు వెళ్లారు. అది సంతోషమే. కాని ఊరు వదలినవాడు కక్షను దాటిపోయాడు గాని కక్షను జయించలేదు. ఊళ్లో మిగిలిన కొడుకుకు గౌరవంగా వెనుదిరిగే దారి మనం చూపించామా? మన జనాజాల దగ్గర, మన మహల్లా మజ్లిస్‌లలో హతుని బిడ్డతో మనమేమంటున్నాం? “నాయన పేరు నిలబెట్టు” అంటున్నాము. ఆ మాటకు ఊరు చెప్పే అర్థాన్ని మార్చడమే మన మీద ఉన్న పని.

నా అనువాదంలో ‘ప్రతీకారం’ అనే మాటను కొట్టివేశాను. ‘హద్దుగల న్యాయశిక్ష’ అని రాసి, పక్కనే ‘ఖిసాస్’ అనే మాటను అట్లే ఉంచాను. ఆ యువకుడు మళ్లీ కలిస్తే ఇట్లా చెబుతాను: “నాయనా, మీ ఊర్లో చేసేది ఖిసాస్ కాదు. దాన్ని ఆపడానికే ఖిసాస్ వచ్చింది. నీకు జరిగిన అన్యాయం నిజం. నీ హక్కూ నిజం. కాని నీ చిన్నాయన రక్తానికి జవాబుదారీ చంపినవాడొక్కడే. వాని తమ్ముడు కాదు, వాని కొడుకు కాదు. నీవూ ఇంకొకరి ఇంట నీవంటి యువకుణ్ణి తయారు చేయవద్దు.”